పెద్దాయన్ని అడిగితే పెద్దాయన్నే చెప్పనివ్వండి

హైదరాబాదులో ఉన్న అమ్మానాన్నల్ని సైకియాట్రిస్టుకి చూపించడానికి మనవాళ్లు ఇప్పుడు పెద్దగా జంకడం లేదు. మంచిదే. ఒకప్పుడు 'ఎర్రగడ్డకి పంపాలి' అన్నది ఊళ్లో అందరికీ తెలిసిన తిట్టు. నాకు చిరాకు తెప్పించేది మనం చూపిస్తున్న పద్ధతి. కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో ఉంటాడు. పక్క కుర్చీలో కోడలో మేనల్లుడో ఉంటారు. "నిద్ర పడుతోందా అండీ?" అని డాక్టరు పెద్దాయన్ని అడిగితే, "లేదు డాక్టర్, మూడింటికే లేచి ఇల్లంతా తిరుగుతారు" అని ఫోను జవాబు చెబుతుంది.

మనసు ఎలా ఉందో చూసే పరీక్షలో ముఖ్యమైన భాగం ఆ మనిషితో మాట్లాడటమే. స్కాన్లూ రక్తపరీక్షలూ అవసరమైతే ఆ తర్వాత. మనిషి ఎలా తయారై వచ్చాడు, మాట తొందరగా ఉందా, లాగి లాగి వస్తోందా, దిగులుగా ఉందని నవ్వుతూ చెబుతున్నాడా, ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా, ఎక్కడున్నాడో తెలుస్తోందా, తనకి ఒంట్లో బాగాలేదని తనకి అనిపిస్తోందా... ఇవన్నీ డాక్టరు ఆయన నోటి వెంటే వినాలి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఎంతసేపు పట్టిందో కూడా డాక్టరు గమనిస్తాడు. డిప్రెషన్‌లో ఉన్న పెద్దవాళ్లు చాలాసార్లు "ఏమో, తెలీదు" అని వదిలేస్తారు. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లు జవాబు కోసం పక్కనున్న భార్య వైపు తల తిప్పుతుంటారు. ఆ తల తిప్పడమే డాక్టరుకి ఒక ఆధారం. మనం ముందే జవాబు అందించేస్తే ఇక ఆయన తల తిప్పే పనే ఉండదు.

పోయినసారి వెళ్లినప్పుడు మా పెద్దమ్మ వెంట నేనూ ఉన్నాను. "ఇవాళ తారీఖు ఎంతమ్మా?" అన్నాడు డాక్టరు. "తారీఖులతో నాకేం పని నాయనా, ఇవాళ ఏకాదశి, ఉపవాసం" అంది. మా అన్నయ్య వెంటనే "చూశారా, డేట్ కూడా గుర్తుండట్లేదు" అన్నాడు. డాక్టరు చేత్తో ఆయన్ని ఆగమని, ఏ మాసమో అడిగాడు. టక్కున చెప్పింది. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మనే మామూలు లెక్క కూడా వేయించలేదు. "కిలో నలభై చొప్పున అరకిలో టమాటాలు కొని వంద నోటిస్తే ఎంత వెనక్కిస్తాడు?" అన్నాడు. "ఎనభై. కానీ నలభైకి ఎవడిస్తున్నాడిప్పుడు?" అంది. ఆ డాక్టరు తెలుగువాడు కావడం, తీరిగ్గా ఉండటం మా అదృష్టం.

అలా అదృష్టం మీద ఆధారపడాల్సిన పని లేదు. జ్ఞాపకశక్తినీ ఆలోచననీ చూసేందుకు 1975లో ఫోల్‌స్టీన్ అనే సైకియాట్రిస్టు అమెరికాలో తయారుచేసిన 30 మార్కుల పరీక్ష ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్నారు. అందులో ఒక వాక్యం రాయాలి, బొమ్మ చూసి గీయాలి. పెన్సిల్ పట్టనివాళ్లకి అక్కడే మార్కులు పోతాయి. కానీ మన హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో చదువు రానివాళ్లూ ఉన్నారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువుకోనివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అంటే బడికి వెళ్లనివాళ్లని కూడా సరిగ్గా పరీక్షించడం హైదరాబాదుకి కొత్త కాదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగులో చేస్తారా? ఆవిడ చదువుకోలేదు" అని అడగండి.

మరి మనం చెప్పాల్సింది ఏమీ లేదా? ఉంది, అది ఆయన చెప్పలేనిది: ఎప్పటినుంచి? మునుపు ఎలా ఉండేవారు? రెండేళ్లుగా మెల్లమెల్లగా మరిచిపోతున్నారంటే ఒక దారి. నిన్నటిదాకా బాగుండి ఇవాళ సాయంత్రం నుంచి గందరగోళంగా మాట్లాడుతుంటే పూర్తిగా వేరే దారి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రక్తంలో సోడియం పడిపోయి ఉండొచ్చు, కొత్తగా మొదలెట్టిన మందు కావచ్చు. అప్పుడు సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, వాడే మందుల పేర్లతో సహా ముందే పంపించండి. ఆ తర్వాత కాల్ కట్ చేసి, డాక్టరు పిలిచినప్పుడు రండి.

ఇంకొకటి, అందరికీ తెలిసినా ఎవరూ పైకి అననిది. కొందరు డాక్టరు దగ్గరకి వెళ్లేది జబ్బు కోసం కాదు, ఫ్లాటు కోసం. 'మతి స్థిమితం లేదు' అని ఒక సర్టిఫికెట్ కావాలి, లేదా 'ఉంది' అని కావాలి, ఏ అన్నదమ్ముడు అడుగుతున్నాడన్న దాన్నిబట్టి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మనిషికి మతి స్థిమితం లేనట్టు కాదు, ఆ మాట కోర్టు చెప్పాలి. డిప్రెషన్‌కి మాత్ర వేసుకుంటున్న పెద్దాయన తన వీలునామా తనే రాసుకోవచ్చు, తనేం చేస్తున్నాడో, ఎవరికి ఏమిస్తున్నాడో ఆయనకి తెలిసి ఉండాలి, అంతే. అది మీకు నచ్చకపోవచ్చు.