పది చోట్లు, ఆరుగురు ఆటగాళ్లు

అమెరికాలో పెద్ద యూనివర్సిటీ టెన్నిస్ జట్టులో వాక్‌ఆన్‌గానైనా, అంటే స్కాలర్‌షిప్ లేకుండానైనా, పిల్లలు చేరితే చాలని ఒక వ్యాసంలో రాశారు. అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన దావాలో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం తర్వాత ఆ మాట చాలదండీ. ఒప్పందంలో చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు పది మందే పరిమితి. వాక్‌ఆన్ పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. మ్యాచ్‌లో సింగిల్స్ ఆడేది ఆరుగురు, డబుల్స్ మూడు జోడీలు. తొమ్మిదో, పదో చోటు కోసం వెళ్తున్నామని ముందే తెలిసుండాలి.

‘ప్రిఫర్డ్ వాక్‌ఆన్’గా, అంటే స్కాలర్‌షిప్ లేకపోయినా జట్టులో చోటిస్తానని, కోచ్ పిలిస్తే పొంగిపోకండి. అది నోటి మాటే. పదిలో మా వాడు ఉన్నట్టేనా, ట్రైఅవుట్ ఉందా, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఇంకొకరొస్తే ఎవరిని తీసేస్తారు? ఇవన్నీ ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి. తర్వాత గత రెండేళ్ల స్కోర్లు జట్టు సైట్‌లో తీసి, కింది నలుగురూ ఎన్ని మ్యాచ్‌లు ఆడారో చూడండి. ఏ కోచ్ మాటకన్నా అదే నిజం చెబుతుంది.

సీజన్‌లో ఆటకు వారానికి ఇరవై గంటలే అంటారు. మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా మూడు గంటలే లెక్క, ప్రయాణం లెక్కలోకే రాదు. ఇంజనీరింగ్ ల్యాబ్‌లున్న పిల్లలకు దెబ్బ తగిలేది అక్కడే.

ట్రైఅవుట్‌కి ముందు వైద్య పరీక్ష, సికిల్ సెల్ (వంశపారంపర్య రక్తలోపం) పరీక్ష రిపోర్టు, ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ రిజిస్ట్రేషన్ సిద్ధంగా ఉంచుకోండి. ఆట లేకపోయినా ఆ కాలేజీలో, ఆ ఫీజుకి చదివిస్తారా? కాదనిపిస్తే మాత్రం వద్దు.