జార్ల సంగతి చెప్పండి బాబూ

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లి ఫుడ్ ప్రాసెసర్ చూపించమన్నా ముందు చెప్పేది వాట్లే. వెయ్యి వాట్లండీ, ఏదేసినా నలిగిపోద్దండీ అంటారు. సరే, మోటారు ఆపకుండా ఎంతసేపు తిప్పొచ్చు, వేడెక్కి ఆగిపోతే అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కే ముందు ఎంతసేపు చల్లారనివ్వాలి, జార్‌ని మోటారుకి కలిపే కప్లర్ అరిగితే విడిగా దొరుకుతుందా అని అడిగితే మాత్రం ఒక్కరూ సరిగ్గా చెప్పరు. పది మందికి వండే ఇంట్లో కావాల్సింది అవే కదా! పొద్దున్నే కొబ్బరి పచ్చడి, వెంటనే అల్లం వెల్లుల్లి, మధ్యాహ్నం గోంగూరలోకి ఎండుమిర్చి, రాత్రికి చపాతీ పిండి... మూత వాషర్ కాస్త వదులైందంటే పచ్చడంతా గోడ మీదే. స్లైసింగ్ బ్లేడ్లు, జ్యూస్ జల్లెడ అంటూ డబ్బా నిండా సామాన్లిస్తారు, సగం అటకెక్కుతాయి. రోజూ వాడే చిన్న చట్నీ జార్ మాత్రం పలచటి రేకుతో చేస్తారు, బ్లేడు కింద ఇరుక్కున్న మిర్చి గింజలు తీద్దామంటే బ్రష్షు కూడా దూరదు. ఇడ్లీ పిండికి ఎలాగూ రాళ్ల గ్రైండరే, అది కూడా ఇందులోనే అయిపోతుందని చెప్పి అమ్మొద్దు. ముందు జార్ చేతికిచ్చి బరువు చూడనివ్వండి, రిపేరు ఈ ఊళ్లో ఎవరు చేస్తారో చెప్పండి, ఆ తర్వాత ధర మాట్లాడదాం.