బయాప్సీ రిపోర్టు నడవడిక సర్టిఫికెట్ కాదు

మొన్న డిసెంబరులో మన ప్రవాస తెలుగు సంఘం విశాఖలో జరిపిన సేవా కార్యక్రమాలకి మీలో చాలామంది వచ్చారు. బీచ్ రోడ్డు హాల్లో ఆరోగ్య సదస్సు అయ్యాక ప్రశ్నలకి మైకు తిప్పినప్పుడు మన సభ్యుడొకరు లేచి ఏమన్నారో కూడా విన్నారు. "ఈమధ్య పోయిన ఫలానా పెద్దాయనకి అన్నవాహిక క్యాన్సర్ వైరస్ వల్లే వచ్చిందట కదా డాక్టరుగారూ, ఆ వైరస్ ఎలా అంటుకుంటుందో అందరికీ తెలిసిందే, పెద్దవాళ్ళకి కూడా ఈ జాగ్రత్తలు చెప్పాలేమో!" కొందరు నవ్వారు. ఆయన ఉద్దేశం హెచ్‌పీవీ, అంటే శారీరక సంబంధంతో అంటుకునే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఆ ఫలానా పెద్దాయన మా చిన్నమావయ్య. మా అత్త రెండో వరసలో కూర్చుని ఉంది. డాక్టరుగారు సరైన జవాబే మొదలుపెట్టారు గానీ సన్మానాలకి ఆలస్యమవుతోందని మైకు తీసేసుకున్నారు, శాలువాలు మొదలయ్యాయి. ఆ జవాబు సగంలో ఆగిపోయింది కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. అడిగినాయన చెడ్డవాడు కాదు. 2014లో హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసినప్పుడు మనలో మొదట డబ్బు పంపినవాళ్ళలో ఆయనొకరు, ఆ సంగతి నేను మర్చిపోను. కానీ ఆ మాట ఆయనొక్కడిదే కాదు కదా, అప్పటికే మన ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నదే. సెకండ్ ఒపీనియన్ కోసం మా బావ తెలిసిన ఒకరిద్దరికి పంపిన బయాప్సీ రిపోర్టు చేతులు మారింది, అందులో 'పీ16 పాజిటివ్' అన్న ఒక్క లైను పట్టుకుని ఒక మనిషి జీవితమంతా తిరగరాసేశారు.

ఆ మనిషి ఎవరో మీకు తెలియాలి. పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు, మహారాణిపేటలో ఇల్లు. పొద్దున్నే ఆర్.కె. బీచ్ దాకా నడక, వస్తూ దారిలో టీ. ఆ టీ పొయ్యి మీంచి దించీ దించగానే తాగాలి, కాస్త ఆరితే టీ కాదనేవాడు. యాభై దాటేదాకా సిగరెట్లు. అవి మానేశాక భోజనం కాగానే వక్కపొడీ, అప్పుడప్పుడూ జర్దా కిళ్ళీ. మేం ఇక్కడినుంచి ఎప్పుడెళ్ళినా ఎయిర్‌పోర్టుకి తనే వచ్చేవాడు, మా అమ్మకి జ్వరమొస్తే మాకంటే ముందు తనకి తెలిసేది. దసరాకి ముద్ద దిగడం కష్టమైంది. గ్యాస్ అనుకున్నాడు. మజ్జిగ పోసుకుని తిన్నాడు, తర్వాత అన్నం మెత్తగా పిసికించుకున్నాడు, సంక్రాంతి దాటేసరికి జావ తాగుతున్నాడు, వీడియో కాల్లో మాత్రం "బానే ఉన్నాన్రా, డైటింగు" అనేవాడు. పిల్లలు ఇక్కడినుంచి ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ బుక్ చేశారు. రక్తం తీశారు, షుగరూ కొలెస్టరాలూ నార్మల్, అందరికీ టెన్షన్ తగ్గింది. ఆ ప్యాకేజీలో ఎండోస్కోపీ, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే పరీక్ష, లేదు. గొంతు దిగాక గొట్టంలో ఏముందో రక్తపరీక్ష చూపించదు. బెల్టు మరో రెండు రంధ్రాలు బిగించాల్సి వచ్చాక గానీ ఎండోస్కోపీ జరగలేదు. అప్పటికి కాలేయానికి పాకింది.

ఇప్పుడా లైను సంగతి. పీ16 అనేది వైరస్ కాదు, మన కణాల్లోనే ఉండే ప్రొటీన్. హెచ్‌పీవీ సోకిన కణంలో ఇది బాగా పెరుగుతుంది కాబట్టి గొంతు వెనక భాగంలో, టాన్సిల్స్ దగ్గర వచ్చే క్యాన్సర్లో దీన్ని వైరస్‌కి గుర్తుగా వాడతారు. అన్నవాహికలో ఆ లెక్క సరిగ్గా కుదరదు, వైరస్ లేకుండానే పీ16 కనబడొచ్చు. అసలు అన్నవాహిక క్యాన్సర్లో హెచ్‌పీవీ పాత్ర ఉందేమోనని 1982లో ఫిన్లండ్ పాథాలజిస్టు కారీ సిర్యానెన్ అన్నప్పటినుంచీ వాదన నడుస్తూనే ఉంది. చైనాలో కొన్నిచోట్ల ఎక్కువ కణితుల్లో దొరికిందన్నారు, వేరే దేశాల్లో దాదాపు దొరకలేదు. పరీక్ష చేసే పద్ధతిని బట్టి కూడా ఫలితం మారిపోతోంది. 2017లో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే అమెరికా పరిశోధన ప్రాజెక్టు వాళ్ళు 164 కణితుల జన్యువులు చదివి, ఈ క్యాన్సర్‌ని హెచ్‌పీవీ నడిపిస్తోందనడానికి ఆధారం కనబడలేదన్నారు. పొగాకు, మద్యం, వక్క, మరీ వేడిగా తాగే పానీయాలు, వీటి మీద మాత్రం అంత వాదన లేదు. 65 డిగ్రీలు దాటిన వేడితో తాగేవాటిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2016లోనే 'బహుశా క్యాన్సర్ కారకం' జాబితాలో పెట్టింది. వక్క అయితే నేరుగా క్యాన్సర్ కారకమే.

సరే, వైరస్సే అనుకుందాం. గొంతు క్యాన్సర్లో హెచ్‌పీవీ ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బతుకుతున్నారు. 2010లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మూడేళ్ళ తర్వాత వైరస్ ఉన్నవాళ్ళలో 82.4 శాతం మంది ఉన్నారు, లేనివాళ్ళలో 57.1 శాతం. ఆ వైరస్ కూడా ఎక్కడో ఎవరికో సోకేది కాదు, పెళ్ళయి కాపురం చేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, చాలామందిలో దానంతటదే పోతుంది. దాన్నిబట్టి ఎవరి గుణం చదువుతాం?

నాకు ఇంకో బాధ కూడా ఉంది. ఆ సదస్సు మర్నాడే మనం ఆడపిల్లలకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ గురించి అవగాహన శిబిరం పెట్టుకున్నాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అంతా ఈ వైరస్ వల్లే, అక్కడ అనుమానం లేదు, 2023 నుంచి మన దేశంలో తయారైన సెర్వావాక్ కూడా దొరుకుతోంది. ముందురోజు సాయంత్రం నిండు సభలో ఆ వైరస్ పేరుతో ఒక చనిపోయిన మనిషి మీద నవ్వితే, మర్నాడు ఏ తల్లి తన కూతుర్ని ఆ బల్ల దగ్గరికి తీసుకొస్తుంది? ఒకావిడ నాతోనే అంది, "వద్దు బాబూ, మా పిల్లకేటి అలాటివి" అని. ఆవిడ తప్పేం లేదు, ఆ మాట మన హాల్లోంచే బయటికెళ్ళింది.

పొగాకు దగ్గర మాత్రం మనకి ఈ సిగ్గు లేదు. మన కన్వెన్షన్లలో ప్రతిసారీ పల్లెటూరి స్కిట్టులో చుట్ట తాత ఉంటాడు, అందరం చప్పట్లు కొడతాం, నేనూ కొడతాను. మా నాయనమ్మ భీమిలి దగ్గర ఊళ్ళో అడ్డపొగ తాగేది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, చేత్తో చేపలు తోముకుంటూ, కబుర్లు చెబుతూ. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా తాగుతారని చెప్పేది. ఉత్తరాంధ్ర తీరంలో ఆ అలవాటు అంగిట్లో క్యాన్సర్ తెస్తోందని విశాఖ డాక్టర్లు ఎన్నో దశాబ్దాల కిందటే రాశారు. ఆ అలవాటు పోవాల్సిందే. కానీ ఆవిడ దగ్గర వచ్చే ఆ పొగ వాసన ఎక్కడైనా తగిలితే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది, ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదనిపిస్తుంది. మా మావయ్య విషయంలో నేనడిగేది కూడా అంతే.

మావయ్యకి జబ్బని తెలిశాక ఇక్కడివాళ్ళ ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో వచ్చాయి. పీడీ-ఎల్1 స్కోరు ఎంత, సీపీఎస్ పది దాటిందా, ఇంకెన్నాళ్ళట? కణితిలో పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఎంతుందో చెప్పే లెక్క అది, సీపీఎస్ అన్నా ఆ లెక్కే. ఆ స్కోరు పనికిరానిది కాదు. ఏ మందు పనిచేయొచ్చో డాక్టరుకి చెబుతుంది. కీనోట్-590 అధ్యయనంలో స్క్వామస్ రకం (అన్నవాహిక లోపలి పొర కణాల్లో పుట్టేది) ఉండి స్కోరు పది, ఆపైన ఉన్నవాళ్ళకి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే కణితి మీదికి ఉసిగొల్పే మందు, ఇస్తే సగంమంది దాటిన కాలం 8.8 నెలలనుంచి 13.9 నెలలకి పెరిగింది. ఆ సగంలో మనవాడు ఎటువైపు ఉంటాడో ఏ స్కోరూ చెప్పదు. ఆ మందు ఖరీదు లక్షల్లో ఉంటుంది. దాని పక్కనే పెట్టి చూడండి: జబ్బు ఇంకా ఆపరేషన్‌కి వీలైన దశలో ఉన్నవాళ్ళ మీద నెదర్లాండ్స్‌లో చేసిన క్రాస్ అధ్యయనంలో, ముందు కీమో రేడియేషన్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తే, మన దగ్గర ఎక్కువగా కనబడే ఈ స్క్వామస్ రకం రోగుల్లో సగంమంది 81.6 నెలలు దాటారు. త్వరగా దొరకడం తెచ్చే తేడా ముందు ఆ స్కోరు చూపించే తేడా చిన్నదే. ఎంత త్వరగా దొరికింది, మనిషిలో బరువు ఎంత మిగిలింది, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎలా ఉంది, ఇవే ముందు చూడాల్సినవి, ఇవి చూడ్డానికి పెద్ద ఖర్చు కూడా లేదు. మా మావయ్య విషయంలో ఆ ఫోన్లు చేసినవాళ్ళలో ఒక్కరు కూడా ఏం తింటున్నాడని అడగలేదు.

కాబట్టి నా కోరిక ఇది. వచ్చే డిసెంబరు కార్యక్రమాల్లో ఫుల్ బాడీ ప్యాకేజీ కూపన్లు పంచడం ఆపి, ఆ డబ్బుతో ఎండోస్కోపీలు చేయిద్దాం. ఇంగ్లండ్‌లో మింగడం కష్టమవుతోందని చెప్పిన మనిషికి రెండు వారాల్లో ఎండోస్కోపీ జరగాలని 2015లో వైద్య మార్గదర్శకం పెట్టారు, పాడేరు నుంచో పలాస నుంచో విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కి వచ్చే మనిషికి బస్సు ఖర్చూ తోడు మనిషి కూలీ దొరికితే ఆ రెండు వారాలు విశాఖలోనూ సాధ్యమే. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి నెలల తరబడి తిరిగే కుటుంబాలకి బసా, రోగికి ట్యూబులో పోయడానికి ప్రొటీన్ పొడీ, పాలూ, ఇవి మనం ఇవ్వగలం. ఒకరి రిపోర్టు మన చేతికొస్తే డాక్టరుకి తప్ప ఎవరికీ పంపొద్దు, సభలో పేరు ఎత్తొద్దు. ఇది సదస్సుల నియమావళిలో రాతపూర్వకంగా ఉండాలి. బడ్జెట్ మీటింగుకి ముందు మీ రీజనల్ కోఆర్డినేటరుకి ఈ రెండు విషయాల మీద మెయిల్ పెట్టండి. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, స్పీకరు తీసేసి, అమ్మనో నాన్ననో అడగండి: ముద్ద సాఫీగా దిగుతోందా, నీళ్ళు తాగితే గానీ దిగట్లేదా అని. రెండోదే జవాబైతే ఆ వారమే ఎండోస్కోపీ చేయించండి.