కొనం అంటేనే కదిలారు

ఉజ్బెకిస్తాన్‌లో పత్తి తీత మొదలైందంటే బడులు మూతపడేవి. పిల్లలను బస్సుల్లో చేలకు తోలేవారు. రోజుకు ఇన్ని కిలోలు తీయాలని ఒక్కొక్కరికీ కోటా. ఈ పని చేయించింది ఏ భూస్వామో కాదు, సాక్షాత్తూ ప్రభుత్వమే. పైనుంచి జిల్లా అధికారికి టార్గెట్, ఆయన నుంచి హెడ్మాస్టరుకు. బాలకార్మికులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) ఒప్పందాలను 2008-09లో ఆమోదించాక కూడా పిల్లలు చేలోనే ఉన్నారు.

కదలిక తెచ్చింది పత్తి కొనేవాళ్లు. వాల్‌మార్ట్, టెస్కో లాంటివి 2008 నాటికే ఆ పత్తి వద్దన్నాయి. తర్వాత 300కు పైగా కంపెనీలు అదే మాట మీద సంతకం చేశాయి. మిల్లులో వడికాక ఏ నూలు ఏ దేశానిదో చెప్పడం కష్టం కాబట్టి, ఈ బహిష్కరణలో చిల్లులు లేకపోలేదు. కానీ డాలర్లకు ఎసరొస్తుందన్న భయం పట్టుకుంది. చేలల్లో దొంగచాటుగా ఫొటోలు తీసి అరెస్టులపాలైన స్థానిక కార్యకర్తలు లేకపోతే ఆ కంపెనీలకు అసలు సంగతే తెలిసేది కాదు.

2012 ప్రాంతంలో చిన్నపిల్లలను మాన్పించిన ప్రభుత్వం వాళ్ల బదులు టీచర్లను, నర్సులను, డాక్టర్లను చేలకు పంపింది. బడిలో పిల్లలున్నారు, పాఠం చెప్పేవారు లేరు! పిల్లలు బడికెళ్లారు కదా అని కంపెనీలు అక్కడితో సరిపెట్టుకోలేదు. అధ్యక్షుడు కరిమోవ్ తర్వాత వచ్చిన మిర్జియోయెవ్ హయాంలో 2020లో పత్తి కోటాలు రద్దయ్యాయి. వ్యవస్థీకృత వెట్టి పోయిందని ఐఎల్‌ఓ ప్రకటించాక, 2022 మార్చిలోనే బహిష్కరణ ఎత్తేశారు. పక్కనున్న తుర్క్‌మెనిస్తాన్‌లో మాత్రం వెట్టి పోలేదు. అక్కడి పత్తిని అమెరికా 2018 నుంచి అడ్డుకుంటోంది.

ఇదంతా ఎక్కడి సంగతో అనుకోనక్కర్లేదు. మన గద్వాల, కర్నూలు, నంద్యాల వైపు విత్తనాల కోసం వేసే సీడు పత్తిలో మొగ్గలు గిల్లి, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి ఆడపిల్లలను పెట్టిన చరిత్ర మనది. అడ్వాన్సు అప్పుకు కట్టుబడి వాళ్లు బడి మానేశారు. రెండు దశాబ్దాల కిందట దేశవిదేశాల్లో రచ్చయ్యాక విత్తన కంపెనీలు తనిఖీలు పెట్టాయి, పిల్లలను పెట్టని రైతుకు బోనస్ ఇస్తామన్నాయి. కొంత ఫలితం వచ్చింది. అయితే క్రాసింగ్ కూలీ పెద్దల రేటున గిట్టదని రైతు అంటే, ఆ లెక్క కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారి, అంటే ఆర్గనైజర్ దగ్గరే ఆగిపోతోంది. ధర పెంచకుండా తనిఖీలు పెంచితే రైతు మీద కేసు పడుతుంది, కంపెనీకి మంచి పేరొస్తుంది. ఇది న్యాయం కాదు.

సాగు ఒప్పందాలకు ముందే కంపెనీలు క్రాసింగ్ పనిని పెద్దల కూలీతో లెక్కగట్టి కొనుగోలు ధర ప్రకటించాలి. రెండు రాష్ట్రాల కార్మిక శాఖలు చేలతోపాటు ఆ ఒప్పంద పత్రాలనూ తనిఖీ చేయాలి.