కస్టమర్ అడిగే మాటే సైట్‌లో లేకపోతే ర్యాంకు ఎలా వస్తుంది?

వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టినవాళ్లలో చాలామంది నన్ను మొదట అడిగేది ఒక్కటే: "గూగుల్‌లో మొదటి పేజీలోకి ఎప్పుడొస్తాం?" నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "మీకు ఫోన్ చేసేవాళ్లు ముందుగా ఏమడుగుతారు?" దానికి యజమాని కాసేపు ఆలోచిస్తారు. రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగి మాత్రం తడుముకోకుండా చెప్పేస్తారు. ఎస్‌ఈవో పని, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్ పైకి వచ్చేలా చేసే పని, ఆ ఉద్యోగి బల్ల దగ్గర మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను.

వాటర్ ప్యూరిఫయర్లు బాగుచేసే సంస్థ ఒకటి ఉందనుకోండి. హోమ్ పేజీలో పెద్ద అక్షరాలతో 'సమగ్ర జలశుద్ధి సేవలు' అని రాసి ఉంటుంది. వంటింట్లో ప్యూరిఫయర్ కింద నీళ్లు కారుతుంటే, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని మరో చేత్తో ఫోన్ తీసిన మనిషికి ఆ మాట తట్టనే తట్టదు. 'ప్యూరిఫయర్ లీకవుతోంది', 'ఫిల్టర్ ఎన్నాళ్లకు మార్చాలి', 'నీళ్లు చేదుగా వస్తున్నాయి' అని కొడతారు. మాటలు కాస్త అటూ ఇటూ అయినా గూగుల్ అర్థం చేసుకోగలదు. కానీ సైట్‌లో అసలు జవాబే లేనప్పుడు చూపించడానికి దాని దగ్గర ఏముంటుంది?

ఆ జవాబు సంస్థలో లేక కాదు. లీకేజీ అనగానే పైపు జాయింట్ వదులైందా, ఫిల్టర్ బిగించిన చోట రబ్బరు రింగు అరిగిందా, ట్యాంకు నిండినా నీళ్లు ఆగడం లేదా అని మెకానిక్ వరసగా చూసుకుంటూ పోతారు. ముందు ఏ ట్యాప్ కట్టేయాలో, ఏది ఇంట్లోనే బిగించుకోవచ్చో, దేనికి మనిషిని పిలవాలో ఆయనకు కంఠతా వచ్చు. దాన్ని ఆయన మాటల్లోనే రాసి, ఆయన తీసిన రెండు ఫొటోలు పెడితే అంతకు మించిన పేజీ ఏ ఏజెన్సీ రాయలేదు. చాలా సంస్థలు మాత్రం ఆ రాతపనిని తమ వ్యాపారం గురించి ఏమీ తెలియని బయటివాళ్లకు అప్పగించేస్తాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

అడ్డదారులకు ఇక్కడ పాత చరిత్రే ఉంది. ఒక పేజీకి ఇతర సైట్ల నుంచి వచ్చే లింకులను ఓట్లలా లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ పద్ధతితో 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ సంస్థను పెట్టారు. లింకుకు విలువ ఉందని తెలియడంతో దాన్ని అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ పుట్టుకొచ్చారు. 2006లో బీఎండబ్ల్యూ జర్మనీ సైట్‌ను, సెర్చ్ ఇంజిన్ కోసం ఒకటి, మనుషులకు ఇంకొకటి చూపిస్తోందని గూగుల్ తన ఫలితాల్లోంచి కొన్నాళ్లు తీసేసింది. 2011లో వచ్చిన పాండా అప్‌డేట్ పసలేని పేజీలను, 2012లో వచ్చిన పెంగ్విన్ దొంగ లింకులను దెబ్బకొట్టాయి. పేజీ కోడ్‌లో కనిపించకుండా సెర్చ్ పదాలను రాసిపెట్టే కీవర్డ్స్ మెటా ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడటం లేదని 2009లోనే గూగుల్ చెప్పింది. అయినా దాన్ని నింపిపెడతామంటూ డబ్బు తీసుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. గ్యారంటీ అన్న మాట వినపడితే ఆ సంభాషణ అక్కడితో ఆపేయడం మంచిది.

సాంకేతిక విషయాలు అక్కర్లేదని నా ఉద్దేశం కాదు. నేను దగ్గరుండి చూసిన ఒక సైట్‌కి కొత్త డిజైన్ పెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంది. కొన్ని వారాలకు ఎంక్వైరీలు పడిపోయాయి. అందరికీ టెన్షన్. పోటీవాళ్లు ఏదో చేశారని ఒకరు, గూగుల్ అప్‌డేట్ వచ్చిందని ఇంకొకరు. పేజీ సోర్స్, అంటే దాని వెనకున్న కోడ్, తెరిచి చూస్తే, పైభాగంలో ఒకే ఒక్క లైను: 'నోఇండెక్స్'. ఈ పేజీని సెర్చ్‌లో చూపించొద్దని గూగుల్‌కి చెప్పే ఆదేశం అది. సైట్ తయారవుతున్నప్పుడు పెట్టి, లైవ్‌లోకి వెళ్లాక తీయడం మరిచిపోయారు. దానికి తోడు పాత పేజీల అడ్రసులన్నీ మార్చేసి, పాత అడ్రసుకు వచ్చినవాళ్లను కొత్తదానికి శాశ్వతంగా మళ్లించే 301 రీడైరెక్ట్ ఇవ్వలేదు. ఏళ్ల తరబడి సంపాదించుకున్న లింకులన్నీ 'పేజీ దొరకలేదు' అన్న చోటికే చేరుతున్నాయి. ఆ లైను తీసేయడానికి నిమిషం పట్టింది, పాత స్థానం తిరిగి రావడానికి మాత్రం నెలలు పట్టాయి.

వేగం సంగతి క్లుప్తంగా చెబుతాను. పేజీలో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, నొక్కినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలని గూగుల్ ప్రమాణాలు. వాటిని అందుకుంటే చాలు. వేగం పరీక్షలో వందకు వంద స్కోరు కోసం నెలలు ఖర్చుపెట్టే బదులు ఆ సమయంలో నాలుగు మంచి పేజీలు రాసుకోవచ్చు.

ఇప్పుడు ఏఐ కూడా ఫలితాల పైనే జవాబు ఇచ్చేస్తోంది. అందరూ రాసే సాధారణ సమాచారం కోసం ఇక సైట్ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారనే నా అంచనా. కాబట్టి స్వయంగా చేసి చూసినవాళ్లు రాసిన మాటకే విలువ పెరుగుతుంది. సెర్చ్ ఫలితాల నాణ్యతను అంచనా వేసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో గూగుల్ 'అనుభవం' అన్న అంశాన్ని ప్రత్యేకంగా చేర్చింది కూడా.

ఫోన్ పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, రెండు వారాలపాటు వచ్చిన ప్రతి ప్రశ్ననూ అడిగినవాళ్ల మాటల్లోనే రాయించండి. తర్వాత సెర్చ్ కన్సోల్ తెరవండి. మీ సైట్ గూగుల్ సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సాధనం అది, ఉచితమే. పెర్ఫార్మెన్స్ రిపోర్టులో ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) బాగా ఉండి, క్లిక్కులు లేక, సగటు స్థానం పదికీ ఇరవైకీ మధ్య ఆగిపోయిన ప్రశ్నలు కనిపిస్తాయి. వాటిలో నోట్‌బుక్‌లో ఉన్నవాటిని ముందుగా ఎంచుకుని, ఆ పేజీ టైటిల్‌ను కస్టమర్ మాటలోకి మార్చి, మొదటి పేరాలోనే జవాబు పెట్టండి. మార్పుల ఫలితం కనిపించడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లే చెబుతారు. అప్పటిదాకా నోట్‌బుక్ ఫోన్ పక్కనే ఉండనివ్వండి. కొత్త ప్రశ్నలు వస్తూనే ఉంటాయి.