‘హాట్ హ్యాండ్’ భ్రమ అని 1985లోనే తేలిపోయిందా?

2015 జనవరి 23న ఓక్లండ్‌లో శాక్రమెంటో కింగ్స్ జట్టుతో జరిగిన బాస్కెట్‌బాల్ ఆటలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ ఒక్క మూడో క్వార్టర్‌లోనే, అంటే పన్నెండు నిమిషాల ఆటలో, 37 పాయింట్లు సాధించాడు. వేసిన 13 షాట్లూ బుట్టలో పడ్డాయి. వాటిలో తొమ్మిది మూడు పాయింట్ల గీత అవతలి నుంచి వేసినవి, నాలుగు రెండు పాయింట్లవి. మిగిలిన రెండు పాయింట్లు ఫ్రీ త్రోల వల్ల, అంటే ఎదుటి జట్టు ఫౌల్ చేసినందుకు ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్ల వల్ల వచ్చాయి. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో అంతకు ముందు ఒక క్వార్టర్‌కు అత్యధిక స్కోరు 33; జార్జ్ గెర్విన్, కార్మెలో ఆంథొనీ ఇద్దరూ ఆ అంకె దగ్గరే ఆగారు.

ఇలాంటి ఆటల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వాటి వెంటే ఒక వాదన కూడా చేతులు మారుతుంటుంది. ఆటగాడు ఊపు మీద ఉన్నాడని, అమెరికన్లు అన్నట్టు అతని ‘హాట్ హ్యాండ్’ నడుస్తోందని మనం అనుకోవడం వట్టి భ్రమేనని, ఈ సంగతి 1985లోనే శాస్త్రీయంగా తేలిపోయిందని ఆ వాదన చెబుతుంది. వరుసగా మూడు షాట్లు బుట్టలో వేసినవాడు నాలుగోది కూడా బుట్టలో వేసే అవకాశం పెరగదని, నిజానికి కొంత తగ్గుతుందని అంటుంది. ఫ్రీ త్రోలు కూడా అదే రుజువు చేశాయంటుంది. థాంప్సన్ 37 పాయింట్లు సైతం బొమ్మా బొరుసా వేస్తే వరుసగా బొమ్మలు పడ్డట్టేనని, కాదనే కోచ్‌లకు లెక్కలు రావని ముగిస్తుంది. చదువుకున్నవారి నోట తరచుగా వినిపించే వాదన కనుక దీన్ని ఒక్కొక్క అంశంగా పరిశీలించడం అవసరం.

మొదట, 1985లో తేలిందేమిటి? థామస్ గిలోవిచ్, రాబర్ట్ వాలోన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆ సంవత్సరం ప్రచురించిన పరిశోధన పత్రమే ఈ వాదనకు మూలం. వారు వంద మంది బాస్కెట్‌బాల్ అభిమానులను అడిగితే, వరుసగా రెండు మూడు షాట్లు వేసినవాడికి తర్వాతి షాట్ పడే అవకాశం, రెండు మూడు తప్పినవాడికంటే ఎక్కువని 91 మంది చెప్పారు. ఆ నమ్మకాన్ని పరీక్షించడానికి ఫిలడెల్ఫియా 76ers జట్టు 1980–81 సీజన్‌లో సొంత మైదానంలో ఆడిన 48 ఆటల షాట్లను, బోస్టన్ సెల్టిక్స్ ఫ్రీ త్రోలను పరిశీలించారు. కోర్నెల్ విశ్వవిద్యాలయ జట్లకు చెందిన 26 మంది ఆటగాళ్ళు, ఆటగత్తెల చేత తలా సుమారు వంద షాట్లు వేయించి ఒక ప్రయోగం కూడా చేశారు. మూడింటిలోనూ ఊపు ఆనవాలు తమకు కనిపించలేదని రాశారు.

ఈ మూడింటిలో అతి ముఖ్యమైనది కోర్నెల్ ప్రయోగం. అక్కడ అడ్డుకునే డిఫెండర్ లేడు, స్కోరు ఒత్తిడి లేదు, ప్రతి ఆటగాడికీ సుమారు సగం షాట్లు పడేటంత దూరాన్ని ముందే నిర్ణయించారు. వరుసగా మూడు షాట్లు పడ్డ తర్వాత విజయ శాతం ఎంత, వరుసగా మూడు తప్పిన తర్వాత ఎంత అని ఒక్కొక్కరికీ లెక్కగట్టి సగటు తీస్తే తేడా సుమారు 3 శాతం పాయింట్లే వచ్చింది. అంత చిన్న తేడాను యాదృచ్ఛికమని పక్కన పెట్టారు. లెక్క సవ్యంగానే ఉందని మూడు దశాబ్దాల పాటు దాదాపు అందరూ నమ్మారు. పొరపాటు ఎక్కడుందో చూడటానికి పెద్ద గణితం అక్కర్లేదు, ఒక రూపాయి నాణెం, ఒక కాగితం చాలు.

నాణెం మూడుసార్లు ఎగరేస్తే వచ్చే వరుసలు ఎనిమిది. ప్రతి వరుసలోనూ బొమ్మ పడ్డ వెంటనే వేసిన వేటులో మళ్ళీ బొమ్మ పడిన శాతం ఎంతో రాయండి. బొమ్మ, బొమ్మ, బొమ్మ అయితే రెండు అవకాశాల్లో రెండూ బొమ్మలే కనుక 100. బొమ్మ, బొమ్మ, బొరుసు అయితే రెండింటిలో ఒకటి కనుక 50. బొమ్మ, బొరుసు, బొమ్మ అయితే సున్నా. బొమ్మ, బొరుసు, బొరుసు అయినా సున్నాయే. బొరుసు, బొమ్మ, బొమ్మ అయితే 100. బొరుసు, బొమ్మ, బొరుసు అయితే సున్నా. మిగిలిన రెండు వరుసల్లో, అంటే బొరుసు, బొరుసు, బొమ్మ వరుసలోనూ, మూడూ బొరుసులైన వరుసలోనూ, బొమ్మ తర్వాత వేసిన వేటే లేదు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోలేం. ఇప్పుడు ఆరు అంకెలు మిగిలాయి: 100, 50, 0, 0, 100, 0. వీటి మొత్తం 250, సగటు సుమారు 41.7. నాణెంలో ఏ లోపమూ లేకపోయినా, బొమ్మ తర్వాత బొమ్మ పడే శాతపు సగటు 50 రాకుండా 42 దగ్గర ఆగిపోయింది!

మొదటిసారి ఈ లెక్క చేసినవారికి ఎక్కడో తప్పు చేశామనిపిస్తుంది. నేనూ రెండుసార్లు సరిచూసుకున్నాను. ఎనిమిది వరుసల్లోనూ బొమ్మ తర్వాత వేసిన వేట్లన్నిటినీ ఒకే కుప్పగా పోస్తే అవి ఎనిమిది, వాటిలో నాలుగు బొమ్మలు, సరిగ్గా సగం. నాణెం న్యాయంగానే ఉంది. ఒక్కొక్క వరుసకు విడివిడిగా శాతం కట్టి, ఆ శాతాలకు సగటు తీయడంలో వాలు, అంటే లెక్క ఒక పక్కకు ఒరిగే దోషం, వచ్చింది. మూడూ బొమ్మలైన వరుసలో రెండు విజయాలున్నా దాని విలువ ఒక్క వంతే, ఒకే ఒక్క అవకాశం ఉండి అది కాస్తా చేజారిన వరుసకూ అదే విలువ. కోర్నెల్ ప్రయోగంలో ఒక్కొక్క ఆటగాడు వేసిన వంద షాట్లు ఇలాంటి ఒక్కొక్క వరుసే.

జాషువా మిల్లర్, ఆడమ్ సంజుర్హో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ వాలును గుర్తించి, 2018లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో సవివరంగా నిరూపించారు. సగం షాట్లు వేసే ఆటగాడు ఏ ఊపూ లేకుండా, అచ్చం నాణెంలాగా వంద షాట్లు వేస్తే, మూడు విజయాల తర్వాత అతని విజయ శాతం సగటున 50 కాదు, సుమారు 46 రావాలి. మూడు వైఫల్యాల తర్వాత సుమారు 54 రావాలి. అంటే ఊపు లేనివాడి లెక్కలో తేడా సున్నా దగ్గర కాక, సున్నాకు 8 పాయింట్ల కింద ఉండాలి. 1985 నాటి పరిశోధకులు సున్నాతో పోల్చి, 3 పాయింట్లంటే ఏముందిలే అనుకున్నారు. ఒక్కొక్కరి విజయ శాతాన్నీ షాట్ల సంఖ్యనూ బట్టి వాలును సరిదిద్ది అదే దత్తాంశాన్ని మళ్ళీ లెక్కిస్తే ఆ తేడా సుమారు 13 పాయింట్లకు చేరింది. మూడు పాయింట్ల షాట్లలో ఎన్‌బీఏ మధ్యస్థాయి ఆటగాడికీ అత్యుత్తముడికీ మధ్య ఉండే అంతరం దాదాపు అంతే. ఊపు లేదనడానికి ప్రధాన సాక్ష్యంగా చూపిన ప్రయోగమే ఊపు ఉందని చెబుతోంది.

రెండో అంశం, మూడు షాట్లు పడ్డాక విజయ శాతం తగ్గుతుందన్న మాట. ఇది 76ers లెక్కల నుంచి వచ్చింది. వరుసగా మూడు వేసిన తర్వాత 46 శాతం, మూడు తప్పిన తర్వాత 56 శాతం అని ఆ పత్రంలో ఉన్న మాట నిజమే. ఇక్కడ ఒక్కొక్కరి షాట్లు వందల్లో ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన వాలు ప్రభావం తక్కువ; కారణం వేరే చోట ఉంది. నాణేన్ని అడ్డుకోవడానికి ఎవరూ రారు, ఆటగాడి మీదికి మాత్రం వస్తారు. మూడు షాట్లు వేసినవాడి మీద ఎదుటి కోచ్ తన మెరుగైన డిఫెండర్‌ను నిలబెడతాడు, ఒక్కోసారి ఇద్దరిని పంపుతాడు. ఇటు ఆటగాడు కూడా ధైర్యం పెరిగి, మామూలుగా వేయని దూరం నుంచి వేయబోతాడు. ఎంత దూరం నుంచి వేశాడో, ఎదురుగా ఎవరున్నారో 1980–81 నాటి ఆ రికార్డులో లేదు. షాట్ పడిందా లేదా అన్నది మాత్రమే ఉంది.

ఆ లోటు తీరడానికి మూడు దశాబ్దాలు పట్టింది. అరీనాలలో అమర్చిన కెమెరాలు బంతి కదలికనూ ఆటగాళ్ళ స్థానాలనూ నమోదు చేయడం మొదలుపెట్టాక, హార్వర్డ్‌కు చెందిన ముగ్గురు పరిశోధకులు 2012–13 సీజన్‌లోని 83,000కు పైగా షాట్లను పరిశీలించి 2014లో ఫలితాలు వెల్లడించారు. అంతకు ముందు షాట్లు బాగా పడ్డ ఆటగాడు తర్వాతి షాట్‌ను మరింత దూరం నుంచి వేస్తున్నాడు, డిఫెండర్ అతనికి మరింత దగ్గరగా ఉంటున్నాడు, జట్టు తర్వాతి షాట్‌ను అతనే వేసే అవకాశమూ పెరుగుతోంది. షాట్ కష్టాన్ని లెక్కలోకి తీసుకుంటే ఊపు వల్ల విజయ శాతం సుమారు 1.2 నుంచి 2.4 పాయింట్ల వరకు పెరుగుతున్నట్టు తేలింది. ఇది పెద్ద అంకె కాదు, అయితే సున్నా కూడా కాదు. కష్టమైన షాట్‌ను తేలికైన షాట్‌తో సమానంగా లెక్కించినన్నాళ్ళూ ఇది కనబడకుండా పోయింది.

ఫ్రీ త్రోల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. సెల్టిక్స్ ఆటగాడు లారీ బర్డ్ మొదటి ఫ్రీ త్రో వేసినప్పుడు రెండోది 88 శాతం, మొదటిది తప్పినప్పుడు రెండోది 91 శాతం వేశాడని 1985 నాటి పత్రం చూపింది. ఆగి, ఊపిరి పీల్చుకుని, ఒకే చోట నిలబడి వేసే రెండు బంతుల జతను పట్టుకుని, పరుగుల మధ్య పుట్టే ఊపు గురించి తీర్పు చెప్పడం తొందరపాటు. పైగా తర్వాతి కాలంలో మరింత పెద్ద దత్తాంశంతో చేసిన విశ్లేషణల్లో మొదటిది వేసినవారికి రెండోది పడే అవకాశం స్వల్పంగా పెరిగినట్టే కనిపించింది.

ఈ వాదనను పంచుకునేవారు తరచు విస్మరించే సంగతి ఇంకొకటి ఉంది. ‘గత షాట్ పడింది’ అనేదీ ‘ఆటగాడు ఊపు మీద ఉన్నాడు’ అనేదీ ఒకటి కావు. ఊహకు ఒక ఆటగాడిని తీసుకుందాం. ఊపులో ఉన్నప్పుడు 60 శాతం, లేనప్పుడు 40 శాతం వేస్తాడు. రెండు స్థితుల్లోనూ చెరి సగం సమయం గడుపుతాడు. ఒక షాట్ నుంచి మరో షాట్‌కు అతని స్థితి మారకుండా ఉండే అవకాశం 90 శాతం. ఇరవై పాయింట్ల తేడా ఉన్న ఇలాంటి మనిషి ఊపును ఏ అభిమానీ కాదనడు. అయినా గత షాట్‌ను బట్టి లెక్కిస్తే, వేసిన తర్వాత 51.6 శాతం, తప్పిన తర్వాత 48.4 శాతం మాత్రమే వస్తుంది. ఊపులో ఉన్నవాడూ పదింట నాలుగు తప్పుతాడు, లేనివాడూ పదింట నాలుగు వేస్తాడు కనుక గత షాట్ చాలా బలహీనమైన సూచిక. ఇరవై పాయింట్ల నిజం మూడు పాయింట్ల మరకగా మాత్రమే కనిపిస్తుంది. వంద షాట్లలో అంత చిన్న మరకను పట్టుకోవడం సాధ్యం కాదు. కాబట్టి పాత పరీక్షలకు ఊపు కనిపించకపోవడాన్ని ఊపు లేకపోవడంగా చదవడం తప్పు.

ఇక థాంప్సన్ 37 పాయింట్లు. ఆ సీజన్‌లో మూడు పాయింట్ల షాట్లలో అతని విజయ శాతం సుమారు 44. రెండు పాయింట్లవి సగం పడతాయనుకుందాం. అలాంటప్పుడు తొమ్మిది మూడు పాయింట్లవీ, నాలుగు రెండు పాయింట్లవీ ఒక్కటీ తప్పకుండా పడే అవకాశం సుమారు 26,000లో ఒకటి. ఈ అంకెను చూపి ఊపు రుజువైందని నేను అనను. ఒక సీజన్‌లో ఎన్‌బీఏ జట్లన్నీ కలిసి రెండు లక్షల దాకా షాట్లు వేస్తాయి, అంత పెద్ద కుప్పలో అరుదైనవి అప్పుడప్పుడు తారసపడక మానవు. అయితే ఇదే తర్కం అవతలివారికీ వర్తిస్తుంది. యాదృచ్ఛికంగా జరిగే వీలుంది అన్న మాటకు, యాదృచ్ఛికంగానే జరిగింది అన్నది అర్థం కాదు. ఒక్క ఆట ఏ పక్షానికీ సాక్ష్యం కాజాలదు.

ఇక్కడే ఊపును నమ్మేవారికీ ఒక మాట చెప్పాలి. వరుస రికార్డులన్నీ ఊపుకు సాక్ష్యాలు కావు. వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కరీ 2014 నవంబర్ నుంచి 2016 నవంబర్ దాకా వరుసగా 157 ఆటల్లో కనీసం ఒక్క మూడు పాయింట్ల షాటైనా వేశాడు. ఆటకు పది వేసి 44 శాతం విజయం సాధించేవాడు ఒక ఆటలో ఒక్కటీ వేయకపోయే అవకాశం సుమారు 330లో ఒకటి. అలాంటివాడు 157 ఆటలు తప్పకుండా దాటే అవకాశం నూటికి 60 పైమాటే. ఈ రికార్డుకు ఊపు అక్కర్లేదు, కరీ అయితే చాలు. ఇది నిలకడకు గుర్తు. థాంప్సన్ క్వార్టర్ వేరే జాతి సంఘటన. రెండింటినీ ఒకే గాటన కట్టడం రెండు వైపులా జరుగుతోంది.

చివరిది కోచ్‌లకు లెక్కలు రావన్న ఎగతాళి. సెల్టిక్స్‌ను ఏళ్ళ తరబడి నడిపించిన రెడ్ ఆవర్‌బాక్ ఈ పరిశోధన సంగతి విని, ‘ఎవరీయన? పరిశోధన చేశాడే అనుకో, నాకేం పట్టింది’ అన్న అర్థంలో కొట్టిపారేశాడు. ఆ మాటను అజ్ఞానానికి ఉదాహరణగా ఎన్నో చోట్ల ఉటంకించారు. ఆవర్‌బాక్ దగ్గర గణితం లేదు, నిజమే, అతని మాటలో వాదన కూడా లేదు. కానీ మైదానం పక్కన అన్నేళ్ళు కూర్చున్న కన్ను చూసిన దానికీ, లెక్క చెప్పిన దానికీ పొంతన కుదరనప్పుడు లెక్కను కూడా ఒకసారి సరిచూడాలన్న ఆలోచన చాలామందికి రాలేదు. అభిమానులు మాత్రం అతిశయోక్తికి పోయారని ఒప్పుకోవాలి. సగం షాట్లు వేసే ఆటగాడు ఒకటి వేశాక 61 శాతం, తప్పాక 42 శాతం వేస్తాడని 1985లో వారు అంచనా కట్టారు, అంటే 19 పాయింట్ల తేడా. ఆటలో కొలిచిన ఊపు అందులో చిన్న భాగమే. వారి అంచనా పెద్దదైంది గానీ, వారు చూసింది లేనిదాన్ని కాదు.