ఫ్లూ టీకా తర్వాత భుజం పట్టేస్తే పరిహారం ఎవరినడగాలి?

ఫ్లూ టీకా వేయించుకున్నాక చెయ్యి రెండు మూడు రోజులు నొయ్యడం మామూలే. వారం దాటినా తల దువ్వుకోవడానికి చెయ్యి లేవకపోతే మాత్రం సూది పడిన చోటును అనుమానించాలి. భుజం కొసన చేతికి తగిలే ఎముకకు రెండు మూడు వేళ్ల కింద, కండ మందంగా ఉన్నచోట సూది నిటారుగా దిగాలి. చొక్కా చెయ్యి పైకి మడవకుండా మెడ దగ్గర గుండీలు విప్పి కిందికి లాగితే భుజం పైభాగమే బయటపడుతుంది, సూదీ అక్కడే దిగుతుంది. అలా దిగితే అర మిల్లీలీటరు మందు కండలోకి పోకుండా కీలు పక్కనుండే ద్రవ సంచిలోకి చేరి వాపు పుట్టించవచ్చు. కొందరికి నెలల తరబడి భుజం బిగుసుకుపోతుంది.

అమెరికాలో 1986 చట్టంతో వచ్చిన టీకా పరిహార పథకం జాబితాలోకి 2017లో ఈ గాయం చేరింది. 48 గంటల్లో నొప్పి మొదలవ్వాలి, ఆ భుజానికి పాత జబ్బు ఉండకూడదు, బాధ ఆరు నెలలు దాటాలి, మూడేళ్లలో దరఖాస్తు పెట్టాలి. ఇవి కుదిరితే సూది వేసినవాళ్ల తప్పు నిరూపించే పనే లేదు. మన దగ్గర అలాంటి పథకం లేదు. నిర్లక్ష్యాన్ని నిరూపించే బరువంతా నొప్పి పడేవాళ్ల మీదే. ఇది అన్యాయమే, కానీ ప్రస్తుతానికి ఉన్న దారి ఇదే.

నల్లగొండ జిల్లాలో ఇంకో చిక్కుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లు ఎందరో. అవతలి లాయరు మొదట అనే మాట 'ఇది ఫ్లోరోసిస్' అనే. షుగరుంటే అదీ వాడుకుంటారు, షుగరుకు భుజం బిగుసుకోవడం నిజమే కాబట్టి. అందుకే మొదటి రెండు రోజుల చీటీ కీలకం. డాక్టరు ఒట్టి 'భుజం నొప్పి' అని రాస్తే చాలదు. 'ఫలానా తేదీన ఎడమ భుజానికి టీకా, ఆ రాత్రి నుంచి నొప్పి, అంతకుముందు లేదు' అని రాయించుకోవాలి. సూది గుర్తు మానకముందే, ఎముక కొస నుంచి టేపు పట్టి ఫోటో తీయాలి. బిల్లు, టీకా బ్యాచ్ నంబరు దాచుకోవాలి. ఎమ్మారై రిపోర్టు తర్వాతి మెట్టు. రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్య వృత్తి నియమాలు చెబుతున్నాయి.

డబ్బు కట్టి వేయించుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం కమిషన్ ఫీజుకు చూసేది అడిగే పరిహారాన్ని కాదు, సేవకు కట్టిన సొమ్మును. అది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. సూది హైదరాబాదులో వేయించుకున్నా, ఉండేది మహబూబ్‌నగర్‌లో అయితే అక్కడే కేసు వేయొచ్చు. గడువు రెండేళ్లు. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పినా, సూది ఎక్కడ దిగిందనే వివాదంలో ఎముకల డాక్టరు అభిప్రాయం లేకుండా పోవడం సాహసమే.

అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు దవాఖానాకు వినియోగదారుల చట్టం వర్తించదు. అక్కడ సివిల్ దావాయే, దానికి ముందు రెండు నెలల నోటీసు. ఇక ఆర్‌ఎంపీ దగ్గరో, మెడికల్ షాపులోనో బిల్లు లేకుండా వేయించుకుంటే మిగిలే ఆధారం ఫోన్‌పే రసీదే.

అడగాల్సినవి ఎమ్మారై, ఫిజియోథెరపీ ఖర్చులు, పడ్డ బాధ, పోయిన కూలి. పత్తి ఏరే మనిషికి కుడి చెయ్యి లేవకపోతే పోయిన కూలే పెద్ద పద్దు. దానికి మేస్త్రీ చేత అఫిడవిట్ ఇప్పించాలి.